ఐదో తారీఖు కుర్చీ

నేను ఒక కుర్చీని. టేకుది కాదు, పడక్కుర్చీ కాదు, ఫోటోల్లో తాతలు మీసం దువ్వుకుంటూ కూర్చునే రకం అసలే కాదు. ఇనుప గొట్టాలు వంచి, మీద ప్లాస్టిక్ వైరు అల్లిన చవకరకం కుర్చీని. కూర్చోవడంలో ఏముంది, ఎవడైనా కూర్చుంటాడు అనుకుంటున్నారా? అయితే మీరు ఎప్పుడూ అద్దె ఇంట్లో ఉండి ఉండరు.

నేను పుట్టింది జైల్లో. చెప్పడానికి నాకేం సిగ్గులేదు. సోములు అనే ఖైదీ నన్ను అల్లాడు. టెలిఫోన్ స్తంభం మీది రాగితీగ కోసి అమ్ముకున్నాడని అతనికి రెండేళ్ళు వేశారు. తీగ దొంగిలించినవాడికి తీగ అల్లే పనే ఇచ్చారని పక్కవాడితో చెప్పుకుని నవ్వేవాడు. చెయ్యి మాత్రం నిజాయితీ గలది. ఒక్క ముడి వదులుగా వెయ్యలేదు. ఆ తర్వాత నేను చాలామంది దొంగల్ని మోశాను. వాళ్ళలో ఒక్కడు కూడా జైలు గుమ్మం చూడలేదు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, నా మీదే కూర్చుని, లోకంలో నీతి తగ్గిపోయిందని బాధపడ్డారు.

జైలు నుంచి నన్ను ఒక సర్కారు ఆఫీసుకి పట్టుకుపోయారు. బల్లకి ఇవతల వేశారు, వచ్చేపోయేవాళ్ళ కోసం. వచ్చేపోయేవాళ్ళందరి కోసం అనుకునేరు. చేతికి గడియారం ఉన్నవాడు వస్తే గుమాస్తా 'కూర్చోండి' అనేవాడు. చెప్పులు బయట విప్పి వచ్చినవాడిని ఏమీ అనేవాడు కాదు. వాడు నా వీపు పట్టుకుని గంటలకొద్దీ నిలబడేవాడు. పన్నెండేళ్ళు ఆ చెమట చేతులు నా గొట్టాన్ని నున్నగా అరగదీశాయి. చివరికి వైరు తెగింది. విరిగిన బీరువాలతో, చిల్లుపడ్డ బకెట్లతో కలిపి నన్ను వేలం వేశారు. అక్కడ నూకరాజు నన్ను కొన్నాడు.

నూకరాజు దర్జీ. గోదావరి గట్టుకి దగ్గరలో సీతంపంతులు వీధి అని ఒకటి ఉంది. అందులో నాలుగు వాటాల పెంకుటిల్లు. ముందు వాటాలో నూకరాజు, అతని భార్య వరహాలు. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని వెనక కాపురం. వీధిలోవాళ్ళు జాకెట్టు గుడ్డలు కిటికీలోంచే అందించి పోయేవాళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఆ కిటికీయే వాళ్ళ తిండి. ఆ వాటా వదిలితే ఊళ్ళో ఇంకెక్కడైనా తల దాచుకోవచ్చు గాని, ఆ కిటికీ దొరకదు. ఇది గుర్తు పెట్టుకోండి.

నన్ను కొన్నది తను కూర్చోవడానికి కాదు. ఇంటి ఓనరు విశ్వేశ్వర్రావు కోసం. ఆయన ఎదురింట్లోనే ఉంటాడు. దస్తావేజులు రాసి రాసి ఇళ్ళు కూడబెట్టిన మనిషి. ప్రతినెలా ఐదో తారీఖు పొద్దున అద్దెకి తనే వచ్చేవాడు. ఒకసారి కూర్చోవడానికి ఏమీ లేక కుట్టుమిషను స్టూలు మీద కూర్చుంటే అది కిర్రుమంది. నూకరాజుకి ప్రాణం పోయినంత పనైంది. ఆ వారమే వేలానికి వెళ్ళాడు. నాకు కొత్తగా ఆకుపచ్చ వైరు అల్లించాడు. మిగిలిన గుడ్డముక్కలతో ముసుగు కుట్టి తొడిగాడు. ఇరవైతొమ్మిది రోజులు గోడవైపు మొహం పెట్టి ముసుగులో నిలబడేదాన్ని. ముప్ఫయ్యో రోజు పది నిమిషాలు ఒక మనిషిని మోసేదాన్ని. వరహాలు మోకాళ్ళ నొప్పులతో నేలమీదే కూలబడేది. నా మీద కూర్చోవాలని ఆమెకి తోచలేదు. కూర్చోమని అతనికీ తోచలేదు.

ఆ పది నిమిషాల తంతు చెబుతాను. విశ్వేశ్వర్రావు వచ్చేవాడు. నా ముసుగు తీసేవారు. ఆయన కూర్చునేవాడు. వరహాలు మజ్జిగ ఇచ్చేది. నూకరాజు స్టీలు పళ్ళెంలో రెండు తమలపాకులు పెట్టి, వాటిమీద డబ్బు పెట్టి, రెండు చేతులా అందించేవాడు. అతని తండ్రి కామందు దగ్గర అలాగే ఇచ్చేవాడట. ఆయన లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకునేవాడు. రసీదు ఇచ్చేవాడు కాదు. మొదట్లో ఒకసారి వరహాలు అడిగితే, ఎదురుబొదురు గుమ్మాలవాళ్ళం, మనలో మనకి కాగితాలేమిటమ్మా అన్నాడట. పదకొండు నెలలకోసారి మాత్రం స్టాంపు కాగితం తెచ్చి అగ్రిమెంటు రాయించుకునేవాడు. తనకి కావలసినప్పుడు కాగితం కావాలి. ఎదుటివాడు అడిగితే అది అపనమ్మకం. ఇదీ పెద్దమనిషితనం.

తొమ్మిదో ఏడు శ్రావణమాసంలో అగ్రిమెంటు గడువు అయిపోయింది. ఐదో తారీఖు వచ్చింది. నా ముసుగు తీశారు. విశ్వేశ్వర్రావు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కూకోండి బాబూ" అన్నాడు నూకరాజు.

"లేదు రాజూ, పనుంది. అద్దెకి తొందరేముంది, నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే. కొత్త అగ్రిమెంటు రాసుకున్నాక అంతా ఒకేసారి చూసుకుందాం."

వెళ్ళిపోయాడు. పళ్ళెంలో తమలపాకులు అలాగే ఉన్నాయి. నూకరాజు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి ఓనరు లోకంలో ఉంటాడా అన్నాడు. వెనక మూడు వాటాలవాళ్ళకీ ఆయన అదే మాట చెప్పాడట. వాళ్ళూ దండాలు పెట్టుకున్నారు.

వరహాలు ఒక్కతే దండం పెట్టలేదు. "తొమ్మిదేళ్ళు ఒక్క పూట ఆగని మడిసి ఇప్పుడాగాడంటే నాకు బాగోలేదు" అంది. నీకు మనుషుల్లో మంచి కనపడదే అని నూకరాజు మిషను తొక్కుకున్నాడు.

మర్నెలా ఆయన అంతే. గుమ్మంలో నిలబడి కుశలం అడిగి వెళ్ళాడు. ఆ పై నెల అసలు రాలేదు. నూకరాజే పళ్ళెం పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళాడు. ఆయన నవ్వి, భుజం తట్టి, పళ్ళెం ముట్టుకోకుండా వెనక్కి పంపాడు. ఆ డబ్బు ముట్టుకుంటే పాపమని వరహాలు బిస్కెట్ల డబ్బాలో వేసి అటక మీద పెట్టింది. ఒక నెల మందులు మానుకుంది గాని ఆ డబ్బా దించలేదు.

తాతారావు అని ఆ వీధి పోస్టుమాన్. ఖాకీ నిక్కరు కుట్టించుకోడానికి వచ్చాడు. సంగతి విని సైకిల్ స్టాండు వేసి మరీ లోపలికి వచ్చాడు.

"మనియార్డరు చెయ్యి నూకరాజూ. పుచ్చుకుంటే సంతకం పెట్టిన ముక్క నీకొత్తాది. వద్దంటే వద్దన్నాడని రాసిన ముక్క నీకొత్తాది. ఎటైనా నీ చేతిలో కాగితం ఉంటాది."

నూకరాజు టేపు మెడలో వేసుకుని అతనివైపు చూశాడు, బూతుమాట విన్నవాడిలా.

"ఎదురుగుమ్మంలో ఉన్న మడిసికి మనియార్డరా? పొద్దున్నే ఆయన మొహం ఎట్టా సూస్తాను?"

అంతే. తప్పు జరిగిపోయింది. దొంగతనం కాదు, తాగుడు కాదు, అప్పు కాదు. మర్యాద. ఎదుటివాడు బాధపడతాడేమోనన్న పాడు మర్యాద. పేదవాడికి ఈ జబ్బు ఎవరు అంటించారో గాని, అంటించినవాళ్ళకి మాత్రం అది ఎప్పుడూ రాదు.

ఇప్పుడు చట్టం ఒక్క ముక్కలో చెబుతాను, ప్లీడర్లు చెప్పినట్టు మెలికలు తిప్పకుండా. అగ్రిమెంటు గడువు తీరినంత మాత్రాన ఆ రోజుల్లో ఓనరు అద్దెవాడిని గెంటెయ్యలేడు. వాడు కావాలని అద్దె ఎగ్గొట్టాడని రుజువైతే గెంటెయ్యగలడు. తొమ్మిదేళ్ళు ఒక్కనెల ఎగ్గొట్టనివాడిని ఎగ్గొట్టినవాడిగా చెయ్యడం ఎలాగ? చాలా తేలిక. వెళ్ళి పుచ్చుకోకుండా ఉంటే చాలు. నాలుగు వాటాల స్థలానికి ఒక అపార్ట్‌మెంట్ల కంపెనీ బేరం పెట్టింది. విశ్వేశ్వర్రావు బతుకంతా దస్తావేజులు రాసినవాడు. ఆయనకి కత్తి అక్కర్లేదు. చెయ్యి చాపకుండా ఉంటే చాలు.

ఏడో నెల ప్లీడరు నోటీసు వచ్చింది. ఎన్నిసార్లు అడిగినా అద్దె ఇవ్వడంలేదు, ఖాళీ చెయ్యమని. నూకరాజు దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. అటక మీది డబ్బా దించి పరిగెత్తాడు. విశ్వేశ్వర్రావు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, నోటీసు వెళ్ళాక నేను డబ్బు ముట్టకూడదు రాజూ, ప్లీడరు చెప్పాడు, ఏమనుకోకు అన్నాడట. ఏమనుకోకు! వెనక మూడు వాటాలవాళ్ళు కోర్టు అనే మాట వినగానే సామాన్లు సర్దుకున్నారు. నూకరాజు ఒక్కడే నిలబడ్డాడు, కిటికీ కోసం.

కోర్టులో ఏం జరిగిందో వరహాలు వచ్చి గోడకి చెబుతున్నట్టు చెప్పుకుంది. అడిగి అడిగి అలిసిపోయానని ఆయన ప్రమాణం చేసి చెప్పాడట. రసీదులేవని నూకరాజుని అడిగితే ఎప్పుడూ లేవన్నాడట. పోనీ పుచ్చుకోకపోతే మనియార్డరు పంపావా అని జడ్జీ అడిగితే, ఎదురింటివాళ్ళకి పంపడం మర్యాద కాదనుకున్నానండి అన్నాడట. కోర్టు హాలంతా నవ్విందట. విశ్వేశ్వర్రావు నవ్వలేదట. రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడట.

మరుసటి ఏడు మాఘమాసంలో ఒక మధ్యాహ్నం అమీను వచ్చాడు, కోర్టు కాగితం పట్టుకుని. వాటా ఖాళీ చేయించడం అతని ఉద్యోగం. కూలీలు మిషను, మంచం, గిన్నెలు, చివరికి నన్నూ తెచ్చి వీధిలో పడేశారు. నా ముసుగు కాలవలో పడింది. నూకరాజు మిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. విశ్వేశ్వర్రావు దగ్గరుండి అన్నీ చూసుకుంటున్నాడు. ఎండ ఎక్కింది. కాళ్ళు లాగినట్టున్నాయి. అలవాటు కొద్దీ, చూడకుండానే, నన్ను లాక్కుని కూర్చున్నాడు.

అన్ని నెలలూ ఎంత జాగ్రత్తగా కూర్చోకుండా ఉన్నాడు!

వరహాలు చూసింది. గిన్నెల గుట్టలోంచి స్టీలు పళ్ళెం తీసింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి పళ్ళెంలో బోర్లించింది. వీధి వీధంతా చూస్తుండగా వచ్చి ఆయన ముందు పట్టుకుంది.

"కూకున్నారుగా బాబూ. పుచ్చుకోండి."

నిప్పు మీద కూర్చున్నవాడిలా లేచాడు. నా కాళ్ళు వెనక్కి జరిగి రాతికి కొట్టుకున్నాయి.

"నాకక్కర్లేదు, అవతల పెట్టు" అన్నాడు.

"నెలనెలా అక్కర్లేదన్నారు. ఇయ్యాళా అక్కర్లేదంటున్నారు. మరి నా మొగుడు ఎగ్గొట్టాడని ఏ నోటితో సెప్పారు?"

అమీను కాగితంలోకి చూసుకున్నాడు. అతను సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. సత్యం రోడ్డు మీద రుజువైతే చెల్లదు. చెల్లే చోట రుజువు కాలేదు. ఇల్లు పోయింది. కిటికీ పోయింది.

వరహాలు పళ్ళెం కింద పెట్టింది. నన్ను తనవైపు తిప్పుకుంది. కూర్చుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆమె బరువు చాలా తక్కువ. అంత తక్కువ ఉంటుందని నేను అనుకోలేదు.

ఊరి చివర రేకుల షెడ్డులో చేరారు. నూకరాజు ఒక రెడీమేడ్ దుకాణంలో కాజాలు కుడుతున్నాడు. ఇంకా విశ్వేశ్వర్రావుని 'గారు' అనే అంటాడు. వింటే నా ఇనుము తుప్పు పట్టేది అందుకే అనిపిస్తుంది. ఆ షెడ్డు పక్కనే ఎనిమిది గదుల వరస. అదీ విశ్వేశ్వర్రావుదే. ఆషాఢంలో వాళ్ళ అగ్రిమెంట్లు తీరాయి. ఐదో తారీఖు ఆయన అద్దెకి రాలేదు. ఎంత మంచి ఓనరు అని వాళ్ళు చెప్పుకోవడం వరహాలు చెవిన పడింది.

అన్నం తింటున్నది చెయ్యి కడిగేసుకుని లేచింది. గది గదికీ వెళ్ళింది. బతిమాలింది, తిట్టింది. మీ మర్యాద మిమ్మల్ని వీధిలో పెడతాదర్రా అంది. మా ఇంటాయన్ని చూడండి అంది. చివరికి ఎనిమిదిమందినీ వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి నడిచింది. మనియార్డర్లు వెళ్ళాయి. ఆయన వద్దన్నాడు. వద్దన్నాడని తాతారావు రాసి తెచ్చిన ముక్కల్ని ఆమె అదే బిస్కెట్ల డబ్బాలో దాచింది. వాటితో కోర్టుకి వెళ్ళి ఇక అద్దె అక్కడే కడతామన్నారు. తన ఇంటి అద్దె కోసం విశ్వేశ్వర్రావు నెలనెలా కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. గెంటెయ్యడానికి దారి లేదు, ఆ గదుల స్థలానికి కంపెనీ బేరమూ కుదరలేదు.

నాలుగో నెల ఐదో తారీఖు పొద్దున ఆయనే వచ్చాడు, షెడ్డు ముందుకి. గొడుగు మడిచి, చుట్టూ చూశాడు. ఉన్న కుర్చీ నేనొక్కదాన్నే. నా మీద వరహాలు ఉంది, చేటలో బియ్యం ఏరుకుంటూ.

"ఎదురుబొదురు ఉన్నవాళ్ళం, చేతికిస్తే పోయేదానికి ఈ కోర్టులేంటమ్మా. వాళ్ళకి నువ్వు చెబితే వింటారు" అన్నాడు.

లోపల నూకరాజు గాభరాగా లేచిన చప్పుడైంది. ఆమె తల తిప్పకుండా, నువ్వు కూకో అంది మొగుడితో. తర్వాత ఆయన్ని చూసింది.

"మర్యాద కాదనుకోకండి బాబూ. కాగితం ఉండాలి."

ఆమె మళ్ళీ బియ్యంలోకి వంగింది.

నా వైరు సగం తెగింది. వెనక కాలు వెల్డింగు ఊడింది. కింద ఇటుక పెట్టారు. రేపో మాపో పాత ఇనప సామాను బండి ఎక్కుతాను, నాకేం బెంగలేదు. ఆ పొద్దున మాత్రం ఆమె నా మీంచి లేవలేదు. ఎండ రేకుల మీదికి వచ్చింది. ఆయన నిలబడే ఉన్నాడు.