తీసివేతకు ఒప్పుకోని మామయ్య

మా మామయ్య, అంటే మా ఆయన నాన్నగారు, కారు సీట్లకు కవర్లు కుడతారు. నలభై ఏళ్ళుగా అదే పని. కారు ఆగితే ముందు సీటు చూస్తారు, తర్వాతే అందులో కూర్చున్న మనిషిని. అలాంటి మనిషి షాపున్న వీధిలోకి ఇక కార్లు రాకూడదని మున్సిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించారు. రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు. నాకు తప్ప.

నోటీసు సంగతి ఇదీ. మూడు నెలల పాటు వీధి నడిచేవాళ్ళదీ, సైకిళ్ళదీ. పొగ, రొద తగ్గితే మనుషులొస్తారు, మనుషులొస్తే వ్యాపారాలు పుంజుకుంటాయి అని వాళ్ళ వాదన. అది నిజమో కాదో తేల్చడానికి వీధి మధ్యలో ఒక స్తంభానికి చిన్న పెట్టె బిగించారు. దాని ముందు నుంచి ఎవరు నడిచినా లెక్కపెడుతుంది. రోజుకు సగటున మూడు వేలు దాటితే వీధి శాశ్వతంగా ఇలాగే ఉంటుంది. దాటకపోతే మళ్ళీ కార్లే.

ఇక నాకు తిండి ఎందుకు సయించిందో చెప్తాను. మామయ్య కత్తిరించగా మిగిలిన రెక్సిన్ ముక్కల్ని వారానికోసారి వెనక సందులో తగలబెట్టేవారు. ఆ మసి నేను ఉతికి ఆరేసిన బట్టల మీదే వాలేది. ఒళ్ళుమండి ఆ ముక్కలన్నీ పోగేసి సంచులు కుట్టడం మొదలుపెట్టాను. బాగానే కుట్టాను, కానీ కారులో దూసుకుపోయేవాడు సంచి కోసం ఆగుతాడా? ఏడాది మొత్తం మీద పదకొండు అమ్మితే అందులో నాలుగు మా అమ్మే కొంది. వీధి మూసిన మొదటి వారంలోనే పద్నాలుగు పోయాయి. కార్లు రాక షాపు ముందు గది ఎలాగూ ఖాళీ కాబట్టి, నా కుట్టు మిషను అక్కడ వేసుకోనిచ్చారు మామయ్య. ఊరికే కాదు, షరతు పెట్టి మరీ.

"కార్లు తిరిగొచ్చిన రోజు నీ మిషను మేడ మీదికి వెళ్ళిపోవాలమ్మాయ్. ఈ గది నా సీట్లకి కావాలి."

"అలాగే మామయ్యా," అన్నాను. మేడ మీదికి సంచులు కొనడానికి ఎవరొస్తారు, పిచ్చుకలా?

మామయ్య చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. వీధి రక్షణ సమితి అని ఒకటి పెట్టి తనే అధ్యక్షులయ్యారు. పక్క షాపు టైర్ల బాబాయి కార్యదర్శి. మొత్తం నలభై మంది పోగయ్యారు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి 'మా కార్లు మాకు కావాలి' అని రాసిన అట్టలు పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఊరేగింపు, మళ్ళీ వెనక్కి.

మనిషి దాటినప్పుడల్లా ఆ పెట్టె మీద ఒక ఆకుపచ్చ దీపం మిణుక్కుమంటుంది. మొదటి రోజు ఊరేగింపు దాని ముందు నుంచి వెళ్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. నలభై సార్లు మిణుక్కుమంది. వస్తూ ఇంకో నలభై.

"మామయ్యా, ఆ పెట్టె మిమ్మల్ని కూడా కలిపేసుకుంటుందేమో," అన్నాను. నిజంగానే అన్నాను, నన్ను తిట్టుకోకండి.

ఆయన నావైపు జాలిగా చూశారు. "మేం నడిచేవాళ్ళమేంటమ్మాయ్? నిరసన తెలిపేవాళ్ళం."

చెప్పాల్సింది చెప్పేశాను, నా బాధ్యత తీరిపోయింది. ఆ తర్వాత నేను చేసినవన్నీ మాత్రం బాధ్యత కిందికి రావు. వాన పడి సమితి చూరు కింద నక్కితే, "అయ్యో, ఇవాళ మానేస్తే భయపడ్డారనుకోరూ?" అని గొడుగులు తెచ్చిచ్చాను. మోకాళ్ళ నొప్పులని కొందరు గునిస్తే, సీటు స్పాంజి కత్తిరించి అందరి చెప్పుల్లోకీ మెత్తలు కుట్టిచ్చాను. "కోడలంటే నీ కోడలే అన్నయ్యా, ఉద్యమానికి వెన్నెముక," అని టైర్ల బాబాయి మెచ్చుకుంటే మామయ్య మీసం దువ్వుకున్నారు. నేను లోపలికెళ్ళి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఈలోగా వీధి మారిపోతూనే ఉంది. ఏళ్ళ తరబడి మూసి ఉన్న మూడు షాపుల తలుపులు తెరుచుకున్నాయి. గొడుగులు బాగుచేసే పెద్దాయన ఒకాయన అరుగు మీద కొలువు తీరాడు. టైర్ల బాబాయి సైకిళ్ళు అద్దెకివ్వడం మొదలుపెట్టి, అడిగితే కాదనలేకపోతున్నానని బొంకేవాడు. మామయ్య కూడా సైకిల్ సీట్లకీ, మున్సిపాలిటీ వాళ్ళు వీధిలో వేసిన బల్లలకీ మెత్తలు కుట్టసాగారు. ఏంటి మామయ్యా ఇది అంటే, ఖాళీగా కూర్చోలేక అన్నారు.

మూడు నెలలూ గడిచాయి. ఫలితం చెప్పడానికి మున్సిపాలిటీ హాల్లో సమావేశం పెట్టారు. పరీక్ష నడిపిన ఇంజనీరమ్మ లేచి కాగితం చదివింది. "రోజుకు సగటున మూడు వేల నూట పది మంది."

మామయ్య ఒక్క ఉదుటున లేచారు. "అబద్ధం! రోజూ కళ్ళారా చూస్తున్నాను. మేం నలభై మందిమి తప్ప ఆ వీధిలో ఎవరున్నారు?"

"మీరు నలభై మందీ రోజుకెన్నిసార్లు నడుస్తారు?"

"పొద్దున పోయి రావడం, సాయంత్రం పోయి రావడం. ఒక్కరోజు మానలేదు!" ఎంత గర్వంగా చెప్పారో.

ఇంజనీరమ్మ కాగితం మూల మీద ఏదో గీసుకుంది. "అంటే నూట అరవై. అవి తీసేస్తే రెండు వేల తొమ్మిది వందల యాభై." తలెత్తింది. "ఆ లెక్క తీసేయమని అధ్యక్షులుగా మీరు సంతకం పెడితే చాలండీ. వీధిలోకి కార్లు వదిలేస్తాం."

ఇన్నాళ్ళూ నేను నవ్వుకున్న ఆ నూట అరవై మీదే నా గది నిలబడిందన్నమాట. నోరు మూసుకుని కూర్చోవచ్చు. కానీ హాల్లో నలుగురూ మామయ్యని చూసి నవ్వడం మొదలుపెట్టారు. తన వలలో తనే పడ్డాడని ఎవరో అన్నారు. అది నేను భరించలేకపోయాను.

లేచి నిలబడ్డాను. "ఆయన్ని చూసి నవ్వకండి. తప్పు నాది. ఆ పెట్టె వాళ్ళని లెక్కపెడుతోందని నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. మానేద్దామన్న రోజున కూడా నేనే ఎగదోసి నడిపించాను. తీసేయాలంటే తీసేయండి."

నలభై మందీ తల వంచి తమ చెప్పుల వైపు చూసుకున్నారు. మామయ్య మాత్రం నావైపు చూశారు. ఇంజనీరమ్మ కాగితం ముందుకు జరిపింది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. "నిజంగా నడిచినవారిగా పరిగణించకూడని వారు." కళ్ళజోడు తీసేశారు.

"నేను నిజంగా నడవలేదా?"

"అది మామూలుగా రాసే మాటండీ..."

"వానలో నడిచాను. మోకాలు వాస్తే కుంటుకుంటూ నడిచాను. కోడలు ఎగదోస్తే నడవడానికి నేనేమైనా పసివాణ్ణా? నా ఇష్టప్రకారం నడిచాను! నలభై ఏళ్ళు ఆ వీధిలో షాపు పెట్టుకుని, ఎదురు వరస షాపుల్లో ఎవరెవరున్నారో మొన్న ఇలా నడిస్తేనే చూశాను. ఇప్పుడు నేను నడవలేదని నా చేతే సంతకం పెట్టిస్తారా?"

"అయితే లెక్కలో ఉంచమంటారా?"

"ఉంచకపోతే ఊరుకుంటానా? నలభై మందినీ ఉంచాల్సిందే!"

టైర్ల బాబాయి ఆయన చొక్కా పట్టి లాగాడు. "అన్నయ్యా, అలాగంటే మనం ఓడిపోయినట్టే."

"ఓడిపోతే పోయాం. నన్ను లెక్కలోంచి కొట్టేస్తామంటే మాత్రం పడను."

అలవాటు కొద్దీ సమితి మొత్తం చప్పట్లు కొట్టింది. వీధి నడిచేవాళ్ళకే ఉండిపోయింది.

ఇంటికి వస్తున్నంతసేపూ మామయ్య నాకంటే పది అడుగులు ముందే నడిచారు. షాపుకి రాగానే సరాసరి ముందు గదిలోకెళ్ళి నా మిషను రెండు చేతులా పట్టుకున్నారు. మేడ మీదికే అనుకున్నాను. ఆయన దాన్ని బరబరా ఈడ్చుకొచ్చి వెలుతురు బాగా పడే గుమ్మం పక్కన పెట్టారు.

"మూల చీకట్లో కుడుతున్నావు, అందుకే కుట్టు వంకర పోతోంది," అన్నారు.

"మామయ్యా, నా మీద కోపం లేదా?"

"ఎందుకుండదు? బోలెడు ఉంది." కుర్చీ కూడా జరిపి వేశారు. "అందరూ నవ్వుతుంటే నా తరఫున నువ్వు లేచి చెప్పకపోతే ఆ సంతకం పెట్టేసేవాణ్ణే."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన చూడనట్టే వెళ్ళి తన కత్తెర వెతుక్కున్నారు.