ఐదు తలకోన చీటీలు

జయరావు సారు ఆదివారం భోజనానికి వస్తున్నారని తెలిసినప్పటి నుంచి కోదండానికి తన ఇంటి గోడ తప్ప మరో ఆలోచన లేదు. పెద్దమనిషి ఇంటికొస్తుంటే ఎవరైనా వంట గురించి కంగారు పడతారు. ఈ మహానుభావుడు గోడ గురించి పడ్డాడు.

చంద్రగిరి పక్కన పల్లెలో పాత మట్టిగోడ అది. తూర్పువైపంతా వేలు దూరేటంత బొక్కలు. బొక్కకొక నీలిచారల తేనెటీగ కాపురం. అది పుప్పొడి మోసుకొచ్చి ముద్దచేసి, దానిమీద గుడ్డు పెట్టి, బొక్క మూసేస్తుంది. మూసేలోగా ఒళ్ళంతా నీలిచుక్కలున్న నల్ల ఈగ ఒకటి చల్లగా దూరి, తన గుడ్డు కూడా పెట్టి పోతుంది. దాని పిల్ల ఆ ఇంటి పిల్లను చంపి, ఆ ముద్ద తిని పెరుగుతుంది. పుప్పొడి మోసే కుచ్చు దాని కాళ్ళకు లేనేలేదు, మోయాల్సిన పని ఉంటే కదా. జయరావు సారు వీటిని కోయిల ఈగలు అనేవారు.

తిరుపతిలో పిల్లకాయలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. చిత్తూరు జిల్లాలో కోయిల ఈగలు ఎన్ని జాతులు, ఏ జాతి ఏ తాలూకాలో ఉంటుంది అన్నది ఎనిమిదేళ్ళుగా ఆయన పట్టుదల. చుక్కలు లెక్కపెట్టి జాతులు విడగొట్టేది ఆయన. వల పట్టుకుని ఊళ్ళు తిరిగేది కోదండం. ప్రతి ఈగనూ గుండుసూదికి గుచ్చి, కింద చీటీ పెట్టాలి. ఊరు, తేదీ, పట్టినవాడి పేరు. చీటీ లేని ఈగ చెత్తతో సమానమని సారు మొదటిరోజే చెప్పారు.

పందొమ్మిదివందల నలభై మూడులో సారు అతన్ని తలకోన అడవికి పంపారు. ఆ ఏడు అడవిలో చలిజ్వరాలు. కోదండం భాకరాపేట దాకా పోయి, అక్కడ డోలీలో వణుకుతూ వస్తున్న మనిషిని చూసి వెనక్కి తిరిగాడు. మూడు రోజులు ఇంట్లో దాక్కున్నాడు. సొంత గోడమీద ఐదు ఈగలు పట్టి, ఐదింటికీ తలకోన అని చీటీ రాశాడు. యాడ పట్టినా ఈగ ఈగేగా అనుకున్నాడు పాపం.

ఆ ఐదింటికీ తోక దగ్గర మూడో చుక్క ఉంది. అంతవరకూ పట్టిన ఏ ఈగకూ అది లేదు. సారు ఆ సంతోషంలో అన్నం కూడా మరిచిపోయారు. కొండ అడవి దాటి మైదానానికి దిగని కొత్త జాతి అని తేల్చారు. దానిమీద ఒక అధ్యాయం రాశారు, పటంలో తలకోన చుట్టూ ఆకుపచ్చ రంగు వేశారు. మూడేళ్ళుగా ఆ ఆకుపచ్చ కనబడినప్పుడల్లా కోదండం చూపు తిప్పుకునేవాడు. చెబుదామని పది సార్లు నోరు తెరిచాడు, పది సార్లూ మూసుకున్నాడు. ఈలోగా సారు కళ్ళకు శుక్లాలు కమ్మాయి. చుక్కలు లెక్కపెట్టడం, రాతలు చదవడం, అంతా ఇప్పుడు కోదండమే. సోమవారం రాతప్రతి మద్రాసుకు, అచ్చుకు పోతుంది.

సారుకు కళ్ళు కనబడకపోయినా ఈగల మోత వినబడుతుందని శనివారం బంకమట్టి కలిపాడు. ఏడో నెల కడుపుతో ఉన్న పెళ్ళాం పంకజాక్షి చూసి మండిపడింది.

"కడుపుతో ఉండే ఇంట్లో గూడు పూడస్తారా ఎవురైనా? మీ అమ్మ ఉండుంటే నీ చెయ్యి ఇరిసేసుండును."

"ఊరికే మెత్తేదానికే మే. సారొస్తా ఉండాడు, గోడ సూస్తే బాగుండదు."

ఆమె నీళ్ళకు పోయినప్పుడు గబగబా బొక్కలన్నీ మెత్తేశాడు. లోపల గీరుతున్న చప్పుడు వినబడింది. వినబడనట్టే చేతులు కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే జట్కాలో సారును తీసుకురావడానికి తిరుపతికి పోయాడు.

తిరిగొచ్చేసరికి పదకొండయింది. సారును అరుగుమీద కూర్చోబెట్టాడు. ఆయన తల పక్కకు వంచి విన్నారు.

"నీలిచారలదాని మోత గదప్పా ఇది. నీ ఇంట్లోనే ఉండాయని ఒక్కనాడూ చెప్పలేదే."

కోదండం గోడకేసి చూశాడు. మెత్తిన బొక్కలన్నీ తెరుచుకుని ఉన్నాయి. గడపలో పంకజాక్షి నిలబడి ఉంది, గోళ్ళ నిండా మట్టి.

"ఇవుంటే కోయిలమ్మ కూడా ఉండాల. సూడు," అన్నారు సారు.

అది ఉండనే ఉంది, బొక్కల ముందు పచార్లు చేస్తూ. సీసా బోర్లించి పట్టాడు. సారు చెయ్యి చాచి సీసాను తడిమారు.

"తోక కాడ మూడో చుక్క ఉండాదా?"

లేదంటే చాలు. ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే కోదండాన్ని భయపెట్టింది. ఇంకెన్నేళ్ళు ఈ మనిషికి కళ్ళుగా ఉండి, ఇంకెన్నిసార్లు లేదనాలి?

"ఉండాది సార్," అన్నాడు. "ఆ ఐదూ ఈ గోడవే. నేను తలకోనకు పోలేదు. జ్వరానికి బయపడినాను."

చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. సారు గోడమీద అరచెయ్యి ఆనించి, ఒక బొక్క అంచును వేలితో తడిమారు.

"ఆ ఐదేనా?"

"ఐదే సార్. అమ్మతోడు."

"నాలుగు వందల చీటీలు రాసినావు. నువ్వు ఐదంటే ఐదు, యాభై అంటే యాభై. నేను యాడ సూసేది?"

ఆయన గొంతులో కోపం లేదు. చెంపమీద కొట్టినా బాగుండేదనిపించింది కోదండానికి.

"దీనికి చీటీ రాయి."

తన పల్లె పేరు, తేదీ, తన పేరు రాశాడు. చదవమంటే చదివాడు.

"అట్లే రాసినావా?"

ఎనిమిదేళ్ళలో ఆయన ఆ మాట ఎన్నడూ అడగలేదు.

"అట్లే సార్."

సారు చీటీ తీసుకుని, గడపవైపు చాచారు. "అమ్మా, నువ్వొకతూరి చదవమ్మా."

పంకజాక్షి తల వంచుకుంది. "నాకు చదువు రాదు నాయనా."

ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత చీటీని కోదండానికే తిరిగి ఇచ్చేశారు.