సన్న తీగ

“తుడిసినవా?”

ముందురోజు సాయంత్రం ఆర్కెస్ట్రా ప్రోగ్రాం ఉన్నదంటే, మర్నాడు పొద్దున ఉమేశ్ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. ముఖం మీది దుప్పటి కూడా తీయకుండా అడిగేవాడు. వత్సల అప్పటికే తుడిచి ఉండేది. తన పాత నూలు చీర చింపి దాచుకున్న పేలికతో గిటార్ తీగలు ఒక్కొక్కటే పట్టుకొని, తల దగ్గర తీగ బిగించే మరల నుంచి కింది దాకా పైనా అడుగునా తుడిచి, గిటార్‌ను సంచిలో పెట్టి జిప్పు లాగి, అప్పుడు వచ్చి గిన్నెల ముందు కూర్చునేది. ఉమేశ్ చేతులకు చెమట ఎక్కువ. ఆ చెమట తీగల మీద ఆరిపోయిందంటే మెరుపు పోయి నల్లబడేవి.

“తుడిసిన,” అనేది వంటింట్లోంచి.

“అడుగున?”

“అడుగున గూడ.”

అప్పుడు గానీ అతను లేచి చాయ్ అడిగేవాడు కాదు.

వాళ్లది నాందేడ్ వజీరాబాద్‌లో బట్టల దుకాణం. పగలంతా ఉమేశ్ తండ్రితో కలిసి దుకాణంలో కూర్చునేవాడు. ప్రోగ్రాం ఉన్న సాయంత్రాలు రామదాస్ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. రామదాస్ రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. గణపతి మండపాలకు, పెండ్లిళ్లకు పాటల ప్రోగ్రాంలు చేసేవాడు. అందరూ ఆయన్ను కాక అనే పిలిచేవాళ్లు. వత్సల ఉమ్రి నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో, గిటార్ ఎట్లా చూసుకోవాలో ఆయనే ఈ ఇంట్లో కూర్చొని ఉమేశ్‌కు చెప్పాడు. వాయించినంక తుడవాలె. నూనె తగలనియ్యద్దు. పలుకు మూగబోతే తీగలు మార్చాలె. అన్నీ ఒక్కసారే విప్పద్దు, ఒకటి తీసి ఒకటి వెయ్యాలె. ఉమేశ్ అన్నింటికీ తల ఊపి, చాయ్ తెచ్చిన వత్సల వైపు తిరిగి, “ఇన్నవా? యాదికి పెట్టుకో,” అన్నాడు. ఇక ఆ పని ఆమెదైపోయింది, మామ బీపీ గోలీల లాగా, పచ్చడి జాడీల లాగా, తర్వాత తర్వాత కూతురు ప్రాజక్త స్కూలు టిఫిన్ డబ్బా లాగా.

ఒకసారి అత్త విమలాబాయి, తీగలు ఎండిపోయినట్టున్నాయని జాలిపడి, జుట్టుకు రాసినట్టు కొబ్బరినూనె రాసింది. ఆ సాయంత్రం గిటార్ గొంతు పూడుకుపోయింది. ఇంటికొచ్చిన ఉమేశ్ తల్లిని ఏమీ అనలేదు. “నీకు జెప్పిన గద,” అన్నాడు భార్యతో.

తీగలు మార్చడం కూడా ఆమే నేర్చుకుంది. సికింద్రాబాద్ నుంచి రామదాస్ తెప్పించే కొత్త తీగల చుట్ట విప్పబోతే సూదిలాంటి కొన వేళ్లలో గుచ్చుకునేది. రక్తం కారిన వేలు నోట్లో పెట్టుకొని, రెండో చేత్తో మర తిప్పేది. కొత్త తీగలు వేయగానే పని అయిపోదు. అవి సాగుతాయి, శ్రుతి దిగిపోతుంది. కాసేపు వాయించి, మళ్లీ బిగించి, మళ్లీ వాయిస్తే గానీ కుదురుకోవు. ఉమేశ్‌కు అంత ఓపిక ఎక్కడిది? “అటు ఇటు కొంచెం గీకి పెట్టు. స్టేజి మీద నాకు తిప్పలు రావద్దు,” అనేవాడు.

అట్లా గీకుతున్నప్పుడే ఒకరోజు, సన్న తీగ మీద వేలు జరిపితే, నాందేడ్ స్టేషన్లో బండి వచ్చే ముందు మైకులో మోగే గంటల వరస పలికింది. వత్సల ఉలిక్కిపడింది. మళ్లీ పలికించింది. ఇంట్లో ఎవరూ లేరు. పగలబడి నవ్వింది. పెండ్లయి వచ్చాక తాను ఒక్కతే కూర్చొని నవ్వడం అదే మొదలని తర్వాత గుర్తొచ్చి, ఎందుకో ముఖం వేడెక్కింది.

ఆ తర్వాత రేడియోలో విన్న పాటలు వెతుక్కుంది. ఒక పాట దొరికితే ఇంకో పాట. మొగవాళ్లు దుకాణానికి పోయి, బిడ్డ స్కూలుకు పోయి, అత్త గుడిలో భజనకు పోయినంక, పప్పు పొయ్యి మీద పెట్టి, వెనక అర్రలో కూర్చొని ఒక గంట వాయించుకునేది. ఉమేశ్ తాళానికి తగ్గట్టు తీగలన్నీ కలిపి గీరుతాడు. ఆమె అట్లా కాదు, సన్న తీగల మీద ఒక్కో స్వరమే పట్టుకొని పైపైకి పోయేది. ఉమేశ్ చెయ్యి ఎన్నడూ పోని చోటికి. వాయించినంత సేపూ ఒక చెవి గేటు దగ్గరే ఉండేది. అయిపోగానే తీగలు తుడిచి, గిటార్ ఏ మూలకు ఎట్లా ఒరిగి ఉన్నదో అట్లాగే పెట్టేది. తన ఇంట్లోనే దొంగతనం చేసి, దొరక్కుండా సర్దుకుంటున్నట్టు ఉండేది.

ఎవరన్నా వద్దన్నారా అంటే, ఆమెను ఎవరూ వద్దనలేదు. ఆమె అడిగితే గదా. ప్రాజక్త ఒకనాడు గిటార్ ముట్టుకోబోతే విమలాబాయి చెయ్యి మీద కొట్టింది. “మన ఇండ్లల్ల ఆడివిల్లలు గవి వాయిస్తరా? తమాషా మేళాలల్ల ఆడెటోళ్లు వాయిస్తరు.” ఆ దెబ్బ బిడ్డ చేతికి తగిలింది, మాట తల్లికి తగిలింది. వత్సల ఎడమచేతి వేళ్ల కొసలు గట్టిపడి, వాటి మీద నల్లటి గీతలు పడ్డాయి. “గదేంది?” అని అత్త అడిగితే, “గిన్నెలు తోమి తోమి,” అని చెప్పింది. చెప్పినంక ఆ రోజంతా సిగ్గుతో చచ్చిపోయింది. అబద్ధం ఆడినందుకు కాదు. గిన్నెలు తోమితే చేతులకు గాట్లు పడడం మర్యాద, పాట వాయిస్తే పడడం మర్యాద కాదు అని తాను కూడా ఒప్పుకున్నట్టయింది కదా, అందుకు.

తొంభై ఏడో సంవత్సరం గణపతులు దగ్గర పడ్డాయి. తీగల పలుకు మూగబోయిందని వత్సలకు ఎప్పుడో తెలిసింది. సన్న తీగ ఎంత తిప్పినా శ్రుతిలో నిలవడం లేదు. “తీగలు మారుస్తె మంచిది. కాకకు చెప్పి తెప్పియ్యరాదుండ్రి,” అన్నది.

ఉమేశ్ నవ్వాడు. “పోయిన గణపతులకే గద ఏసింది. ఏడాదికోపారి చాలు. నేనేమన్న పొద్దంత వాయిస్తున్ననా?”

అదే కదా. మీరు వాయించరు, నేను వాయిస్తాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడు “నువ్వా?” అంటాడు. అత్త వింటుంది. మామ దుకాణం నుంచి వచ్చి వింటాడు. వత్సల పప్పు గుత్తి తీసుకొని వంటింట్లోకి పోయింది.

మండపంలో ప్రోగ్రాం నాడు వత్సల ఆడవాళ్ల వైపు, ప్రాజక్తను పక్కన పెట్టుకొని కూర్చున్నది. నాలుగో పాట మధ్యలో ఠప్పున చప్పుడైంది. సన్న తీగ తెగి ఉమేశ్ చెంపకు తగిలింది. పాట ఆగిపోయింది. జనం గొణిగారు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఉమేశ్ చెంప తడుముకొని, మైకు దగ్గరికి జరిగి నవ్వాడు.

“మాఫ్ కర్నా! హమారే ఘర్ మే తార్ మేడం సంభాల్తీ. ఉన్‌కూ కపడే సుఖానే కా తార్ ఔర్ గిటార్ కా తార్ ఏకీచ్!”

ఇంట్లో తీగలు చూసుకునేది ఆవిడట. ఆమెకు బట్టలారేసే తీగా, గిటార్ తీగా ఒక్కటేనట. మండపం మండపమంతా గొల్లుమన్నది. ముందు వరసలోని ఆడవాళ్లు వెనక్కి తిరిగి ఎవరా అని వెతికి, ఆమెను చూసి, కొంగు అడ్డం పెట్టుకొని మళ్లీ నవ్వారు. ప్రాజక్త కూడా నవ్వింది. తల్లి మోచెయ్యి పట్టి ఊపుతూ, “అమ్మా, పప్పా నీ గురించే చెప్తుండు!” అన్నది, తన తల్లి పేరు మైకులో వచ్చినంత సంబరంగా.

వత్సల కూడా నవ్వింది. నవ్వకపోతే ఏం బాగుంటుంది? ముఖం మీద ఆ నవ్వు అట్లాగే అతికి ఉన్నది. కోపం రావాలి కదా, ఎందుకు రావడం లేదు? మార్చమని చెప్పిన గద అని లేచి అరిచేటోళ్లు ఉంటరు. నేనెట్ల అరుస్త? తీగ తెగింది నా వల్లనే. తుడవకపోవుడు వల్ల కాదు, వాయించుడు వల్ల. ఆయన అన్న తప్పు నేను చెయ్యలేదు, చేసిన తప్పు ఆయనకు తెల్వదు. ఇంతమందిల నా తల వంచిందేమో ఆయన మాట, కానీ వంగిన తలను ఎత్తనియ్యంది మాత్రం నేను వాయించుకునే గంట, వెనక అర్రల నా గంట. ఆ గంటకు మళ్లీ పోవద్దు. గిటార్ ముట్టవద్దు. దేవుని ముందర కూర్చొని ఆమె అనుకున్న ప్రార్థన అదే.

ఇంటికి వచ్చాక విమలాబాయి చెప్పులు విడుస్తూ ఒక్క మాటే అన్నది. “నా కొడుకు మొఖం నలుగుట్ల మాడిపాయె.” మాడింది ఎవరి ముఖమో వత్సల అడగలేదు.

మర్నాడు పొద్దున్నే రామదాస్ కొత్త తీగల పొట్లం పట్టుకొని వచ్చాడు. సాయంత్రం ఇంకో మండపంలో ప్రోగ్రాం ఉంది. ముందరి అర్రలో కుర్చీలో కూర్చొని, గిటార్ ఒళ్లో పెట్టుకొని, మిగిలిన తీగల అడుగున గోటితో మెల్లగా రాసుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి వచ్చి మళ్లీ రాశాడు.

“ఉమేశ్, ఇవి పోయిన గణపతులకు ఏసినవే గద?”

“అవు కాక. ఏడాది గూడ నిండలే. గామె సరిగ సూసుకోలే,” అన్నాడు ఉమేశ్. “వత్సలా, చాయ్ తీస్కరా. అట్లనే తీగలు ఏద్దువు.”

“సూసుకోకపోతె చిలుం పడ్తది. ఇది చిలుం గాదు, అరుగుడు. ఇగో, గిటార్ మెడ మీది ఇనుప మెట్ల మీద ఒత్తుకున్న కాడ ఎట్ల గుంటలు పడ్డయో సూడు. గింత పైన గూడ పడ్డయ్, స్టేజి మీద నీ చెయ్యి గాడిదాక పోదు గద. రోజు వాయించెటోళ్ల తీగల లెక్క ఉన్నయ్.” ఆయన తల ఎత్తి చూశాడు. ముఖం విప్పారింది. “రియాజ్ జేస్తున్నవా ఏంది, రోజు సాధన? నాకు జెప్పనే లేదు!”

చాయ్ పళ్లెం పట్టుకొని గడప దగ్గరికి వచ్చిన వత్సల అక్కడే నిలబడిపోయింది. అయిపోయింది, దొరికిపోయిన అనుకున్నది.

ఉమేశ్ ఒక్క క్షణం గిటార్ వైపు చూశాడు. తర్వాత మెడ నిమురుకున్నాడు.

“అవు కాక. పొద్దుగాల ఓ గంట కూసుంట. ఎవలకు జెప్పలే.”

“అవు, వాయిస్తడు,” అన్నది విమలాబాయి, అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతూ. “నా చెవులతోని నేనే ఇంట గద.”

“శభాష్ బిడ్డా!” రామదాస్ ఉమేశ్ భుజం తట్టాడు. “అందుకే తెగింది. తెగుడు సిగ్గు గాదు. వాయించెటోళ్ల తీగే తెగుతది. ఊకె పెట్టినోని తీగ ఎందుకు తెగుతది?”

సిగ్గు గాదు. ఆ మాట ఆమెకు చెందాల్సింది. ఆమె కళ్ల ముందే అది ఉమేశ్ భుజం మీద వాలింది. మైకులో అన్నదానికి నవ్వింది కదా, దాన్ని ఓర్చుకోగలిగింది. బట్టలారేసే తీగ అన్నా ఓర్చుకుంది. కానీ ఆ గంట! ఎవరికీ కనబడకుండా, తనకు తానే చూసుకోవడానికి సిగ్గుపడుతూ దాచుకున్న ఆ ఒక్క గంట. దండెం మీది చొక్కా తీసుకొని తొడుక్కున్నట్టు తొడుక్కున్నాడు. తల్లి గుండీలు పెట్టింది. తప్పయితే నాది, మెప్పయితే ఆయనది. ఇన్నాళ్లు తాను దాచింది ఆయన కోసమే దాచినట్టయింది కదా.

రామదాస్ చెప్పుకుపోతున్నాడు. “మరి రోజు వాయించే చెయ్యికి ఏడాదికోపారి మారిస్తె యాడ సరిపోతది? నీ చెయ్యికైతె...”

“ఆయన చెయ్యి గాదు కాక.”

వత్సల పళ్లెంతో గడప దాటి ముందరి అర్రలోకి వచ్చింది. తన గొంతు తనకే సన్నగా, ఎవరిదో లాగా వినిపించింది.

“ఏంది?” అన్నాడు ఉమేశ్.

“పగటిపూట ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు నేను వాయిస్త. గా గుంటలు నా వేళ్లవి. తీగ తెగింది నా వల్లనే.”

చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగింది. ఉమేశ్ ముఖం ఎర్రబడి, పాలిపోయి, మళ్లీ ఎర్రబడింది. అతను రామదాస్ వైపు చూడలేక గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. “సిగ్గున్నదా నీకు? పరాయోళ్ల ముందట... లోపలికి నడువ్,” అన్నది విమలాబాయి, గొంతు తగ్గించి.

సిగ్గున్నది. చెవులు మండుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చెప్పేస్తే పోతుందనుకున్న సిగ్గు రవ్వంత కూడా పోలేదు. అది పోయేదాకా ఆగితే ఈ జన్మకు మాట్లాడడం ఉండదని మాత్రం తెలిసింది. వత్సల లోపలికి నడవలేదు. పళ్లెం కింద పెట్టింది. ఆమెకు కుర్చీ ఎవరూ చూపలేదు కాబట్టి నేల మీదే, రామదాస్ ఎదురుగా, మొగుడూ అత్తా చూస్తుండగా కూర్చున్నది.

“జెప్పుండ్రి కాక,” అన్నది. “నా చెయ్యికైతె ఎన్ని దినాలకు మార్చాలె?”

రామదాస్ ఉమేశ్ వైపు ఒకసారి చూసి, కుర్చీని ఆమె దిక్కు తిప్పుకున్నాడు.