బావ గొంతు

మా బావ పోయాక ఆయన మాటలున్న క్యాసెట్ ఒక్కటే మిగిలింది. ఎప్పుడో టేప్ రికార్డరు పనిచేస్తుందో లేదో చూద్దామని నొక్కితే, గొడుగు కోసం ఇల్లంతా వెతుక్కుంటున్న బావ అందులో పడ్డాడు.

మొన్న దాన్ని అక్క అల్లుడు తన కొత్త ఆంప్లిఫయరుకు తగిలించి వినిపించాడు. అక్క కాసేపు విని, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను.

"అది మీ బావ గొంతు కాదురా," అంది. "లేకపోతే ఆ గొంతు నేనే మర్చిపోయానా?"

అప్పటినుంచి అక్క ముద్ద సరిగా మింగడం లేదు. అందులోనైనా బావ గొంతు పోల్చుకుంటుందేమోనని, నేను చేసుకున్న పాత ఆంప్లిఫయరు మోసుకొచ్చాను. లోపల గాజు వాల్వులు దీపాల్లా వెలుగుతాయి.

అల్లుడు మంచివాడే. కాకపోతే అంకె చూడందే మంచినీళ్లు తాగడు. తన దాంట్లో శబ్దం చెడేది శాతంలో వెయ్యోవంతనీ, నా దాంట్లో రెండు శాతమనీ చదివి వినిపించాడు. అంకె వేరు, చెవి వేరు అన్నాను. నా మటుకు నాకు అదే ఎక్కువ మాట.

రెండిటినీ పోల్చేముందు మోత సమానం చేయడం ఆంప్లిఫయర్లు చేసేవాళ్ల కట్టుబాటు. రవ్వంత గట్టిగా మోగిందే ఎవరి చెవికైనా తీయగా ఉంటుంది. అల్లుడు మీటరు పెట్టి సరిచేశాడు. అడ్డంగా దుప్పటి కట్టి, వెనక నిలబడి ఒకే స్పీకరుకు ఒకసారి ఇదీ, ఒకసారి అదీ కలిపాడు.

మధ్యాహ్నపు గాలికి దుప్పటి ఊపిరి పీలుస్తున్నట్టు కదిలింది. బావ గొంతు గదిలో తేలింది. ఇది నాదే అన్నాను ధీమాగా. కాదట. మళ్లీ చెప్పాను. మళ్లీ తప్పే. నేను దుప్పటి వెనక్కి వెళ్లి అల్లుణ్ణి కూర్చోబెడితే అతనికీ అంతుపట్టలేదు.

"ఇన్నాళ్లూ అంకెల్నే విన్నాను మావయ్యా," అన్నాడు.

నేను విన్నది మాత్రం ఏమిటి, నా దీపాల్నే.

అక్క మొహం వాడిపోయింది. రెండిట్లోనూ ఎవరో పరాయి మనిషి గొడుగు వెతుక్కుంటున్నాడంది.

నేను ఒకరిని అడగడం అరుదు. అడిగాను. బావ నీతో ఎక్కడ మాట్లాడేవాడక్కా అని.

అక్క ఆలోచించింది. ఇంట్లో ఆయనా నాలాగే, నోట్లో బెల్లంగడ్డ. మాటలన్నీ సైకిలు మీదేనట. పొద్దున్నే ఇద్దరూ నూలు మిల్లుకు పోతుంటే ఆయన తొక్కుతూ చెప్పేవాడు.

"వెనక కూర్చుని వీపుకు చెవి ఆనించేదాన్ని. మాట వీపులోంచి వచ్చేది," అంది.

స్పీకరు పెట్టెను ఆమె కుర్చీ పక్కకు జరిపాను. దానికి ఏ ఆంప్లిఫయరు కలిపి ఉందో నేనడగలేదు, అల్లుడూ చెప్పలేదు. అక్క పక్కకు వాలి, పెట్టె చెక్కకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. క్యాసెట్ తిరిగింది. చెక్క సన్నగా అదిరింది.

గది ఎటో కదిలిపోతున్నట్టనిపించింది. కిటికీలో చెట్లు వెనక్కి జరుగుతున్నాయా అని చూశాను కూడా. అక్క భుజం మెల్లగా ఊగుతోంది, గతుకుల దారిలో వెనక కూర్చున్న మనిషిలా. చేయి చాపి పెట్టె చుట్టూ వేసింది.

"కాస్త నెమ్మదిగా తొక్కండి," అంది.