రంగడి బిస్కెట్లు

పెళ్లై పర్చూరు వచ్చాక మల్లేశ్వరి చేసిన మొదటి ఘనకార్యం కుక్క బిస్కెట్లు. గుంటూరు కాలేజీలో హోంసైన్సు చదివిన పిల్ల. జొన్నపిండిలో వేయించిన వేరుశెనగపప్పు దంచి వేసి, గుడ్డు కొట్టి, ఉప్పూ పంచదారా తగలకుండా ముద్ద కలిపేది. పౌడరు డబ్బా మూతతో గుండ్రంగా కోసి, ఇసుక పోసిన గిన్నెలో బొగ్గుల మీద దోరగా కాల్చేది.

"నా పెసరట్టు రోజూ మాడుతోంది గానీ, రంగడి బిస్కెట్టు ఒక్కటీ మాడదేం?" అన్నాడు భర్త గురునాథం.

"మీరు తోక ఊపరు కదండీ!"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

రంగడు ఊరి చివర వాళ్ల మిరప కల్లంలో కాపలా కుక్క. కాయ ఎండి బస్తాల్లోకి ఎక్కేదాకా దొంగల భయమే. అందుకే కాపలా ఆదెయ్య తప్ప ఇంకెవరూ వాడికి తిండి పెట్టకూడదని అత్తగారు వెంకాయమ్మ ముందే చెప్పింది.

"పదిమంది చేతుల్లో తినడం మరిగితే దొంగ చేతిలోనూ తింటాడమ్మాయ్."

"ఒక్క బిస్కెట్టుకే దొంగలతో కలిసిపోతాడా అత్తయ్యా!" అని నవ్వేసింది మల్లేశ్వరి. మిరపలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ల చేత తలా ఒకటి రంగడికి పెట్టించి, వాడి చేత అందరికీ షేక్‌హ్యాండు ఇప్పించింది. కల్లమంతా ఒకటే నవ్వులు. వెంకాయమ్మ కూడా అటూ ఇటూ చూసి ఒకటి పెట్టింది.

మాఘమాసంలో పక్క కల్లం కుక్క నోట్లో నురగతో చచ్చిపడి ఉంది. పక్కనే పురుగుమందు కంపు కొట్టే పకోడీ ముక్కలు. బస్తాలు లేవు. మర్నాడు ఇంకో కల్లంలోనూ అంతే.

"మనోడైతే పకోడీ తిని దొంగకి చెయ్యి కూడా ఇస్తాడండీ," అన్నాడు ఆదెయ్య. ఎవరూ నవ్వలేదు.

"ఇంటికి తెచ్చి కట్టేద్దామండీ," అంది మల్లేశ్వరి.

"మరి కల్లం?" అన్నాడు గురునాథం.

ఆ మధ్యాహ్నం ఆమె బిస్కెట్ల ముద్దలో గుప్పెళ్లకొద్దీ కొత్త కారం కలిపింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది. పరాయి చేతి తిండి మాన్పించాలని, రంగడు ఎరగని బండి తోలే పానకాలును కల్లానికి పిలిచి, అతని చేత పెట్టించింది.

రంగడు గబుక్కున మింగాడు. కుయ్యోమంటూ మూతి మట్టిలో రాసుకున్నాడు, తొట్టిలో నీళ్లు తాగొచ్చాడు. పానకాలు ఇంకోటి చాపాడు. రంగడు మల్లేశ్వరి ముఖంలోకి చూసి, అదీ తిన్నాడు.

"ఏడుస్తా కూడా తింటన్నాడేందమ్మా వీడు!"

"నువ్వు పక్కనున్నావుగా, ఆ ధైర్యం," అంది వెంకాయమ్మ కోడలితో. "నువ్వే పెట్టు. నీ చెయ్యంటే భయం పుడితే తప్ప వాడు మిగతా చేతులు వదలడు."

"నా వల్ల కాదత్తయ్యా."

"అయితే రేపు వాడి నురగ తుడుద్దువుగాని."

మల్లేశ్వరి నేలమీద కూర్చుంది. ఒకటి పెట్టింది. రంగడు తిన్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే ముందుకాలు ఎత్తి ఆమె మోకాలి మీద పెట్టాడు. ఇంకోటి పెట్టింది. పెడుతూనే ఉంది. చివరికి వాడు తల పక్కకు తిప్పుకుని, కాలు దించి, లేచి దూరంగా వెళ్లిపోయాడు.

తెల్లారి గురునాథం కల్లం నుంచి పరుగున వచ్చాడు. "బతికాడే! బస్తా ఒక్కటీ కదల్లేదు!"

మల్లేశ్వరి వెళ్లి చూస్తే, కంచె లోపల అడ్డాకులో పకోడీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. చుట్టూ చీమలు చచ్చి ఉన్నాయి. రాత్రంతా అరిచి రంగడి గొంతు బొంగురుపోయింది. మల్లేశ్వరి "రంగా" అంటూ ఒట్టి చెయ్యి చాపింది. వాడు తోక ముడిచి బస్తాల వెనక్కి తగ్గాడు. ఇంకో అడుగు వేస్తే గుర్రుమన్నాడు.

"అదీ! ఇప్పుడు కల్లం కుక్కంటే కల్లం కుక్క," అన్నాడు ఆదెయ్య మెచ్చుకోలుగా. గిన్నెలో గంజన్నం పోసి వాడి ముందు పెట్టాడు.

ఆమె అక్కడ నిలబడినంతసేపూ రంగడు గిన్నెలో మూతి పెట్టలేదు. అందుకని మల్లేశ్వరి ఇంటికి వెళ్లిపోయింది.