తెర కింది నల్లపట్టీ

ఆ ఆదివారం పొద్దున్న ఖాళీ హాల్లో కూర్చుని ఆ సినిమాను మొదటిసారి చూశాను. ముందు ల్యాప్‌టాప్, వేలి కింద ఒక మీట. తెర మీద మనుషులు మాట్లాడుతుంటే నేను మీట నొక్కుతూ ఉండాలి. నొక్కినప్పుడల్లా ఒక వాక్యం ఫ్రెంచిలో తెర కింద ఉన్న నల్లపట్టీ మీద వెలుగుతుంది.

ఫ్రాన్సు పడమటి తీరంలో ఉన్న మా పోర్లెన్ రేవులో ఏటా అక్టోబరులో బ్రిటిష్, ఐరిష్ సినిమాల పండుగ జరుగుతుంది. మిగతా సినిమాలతో ఈ తంటా లేదు. లివర్‌పూల్ ముసలమ్మ మూడో మొగుణ్ణి వెతుక్కునే సినిమా, గ్లాస్గోలో కుక్కను ఎత్తుకుపోయిన అన్నదమ్ముల సినిమా, అన్నీ అక్షరాలు అతికించుకునే వచ్చాయి. ఐర్లండ్ పడమటి తీరంలో ఒక దీవి మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ ఒక్కటే ఉత్తగా వచ్చింది. అందులో వాళ్ళు మాట్లాడేది ఇంగ్లీషు కూడా కాదు, ఐరిష్. మా ఊళ్ళో ఆ భాష ఎవరికీ రాదు. నాకూ రాదు. పారిస్‌లో ఎవరో అనువదించి పంపిన వాక్యాలు నా ముందు వరసగా ఉన్నాయి. మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ తర్వాతి వాక్యం. మనుషులు మాట్లాడేటప్పుడు వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే, అందుకే ఆ పని నాకిచ్చారు.

సినిమా చివర్లో ఒక పెద్దావిడ వంటింట్లో కూర్చుని మాట్లాడుతుంది. ఆవిడ పేరు డెలియా. రెండు రోజులుగా మా ఇంట్లోనే ఉంటోంది. అక్టోబరు వచ్చేసరికి మా ఊళ్ళో హోటళ్ళు మూసేస్తారు, పండుగకు వచ్చిన అతిథుల్ని ఇళ్ళల్లో పెట్టుకుంటాం. ఈసారి పంపకాల మీటింగులో, ఎప్పుడూ నోరు విప్పని మా నాన్న, "ఆ దీవి ఆవిడను మా ఇంటికి ఇవ్వండి" అన్నాడు. మా చిన్న గది ముసలావిడకు సరిపోతుందని అడిగాడనుకున్నాను.

తెర మీద డెలియా టీ కప్పు పక్కకు జరిపింది. నేను మీట నొక్కుతూ చదువుతున్నాను.

"పడవ తిరగబడ్డాక ఇద్దరూ దాని వెన్ను పట్టుకుని వేలాడామని కొల్మన్ చెప్పాడు. కొల్మన్ అంటే నా మరిది."

"ప్రాణాలతో ఒడ్డుకు వచ్చింది అతనొక్కడే. నా భర్త ఫెస్టీ రాలేదు."

"దీవిలో ఎవరూ నమ్మలేదు. వెన్ను మీద ఒక్కడికే చోటుందనీ, అన్నను అతనే తోసేశాడనీ అన్నారు."

"నేనూ నమ్మలేదు. అతను చచ్చిపోయేదాకా అతనితో మాట్లాడలేదు."

"ఒక ఫ్రెంచి పడవ బాగా దగ్గరికి వచ్చిందనేవాడు. నీలం పడవ, చుట్టూ తెల్లచార."

"వెనకవైపు ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడట. ఎర్ర ఊలుటోపీ. సూటిగా తమనే చూశాడట. పడవ ఆగకుండా పోయిందట."

"ఆ కుర్రాడు బతికుంటే వాడికి తెలుసు. ఆ వెన్ను మీద ఉన్నది ఒక్కడా, ఇద్దరా అని."

నా వేలు అక్కడే ఆగిపోయింది. సినిమా నన్ను వదిలేసి ముందుకు పోయింది.

మా నాన్న పేరు హెర్వే. ఆ పేరుతో పిలిచేవాళ్ళు మా ఊళ్ళో లేరు. అందరికీ ఆయన ఎర్రటోపీ. రేవు పక్క బార్లో గోడమీద ఫొటో ఉంది: తెల్లచార ఉన్న నీలం పడవ, ముందు నలుగురు మగాళ్ళు, చివర పదహారేళ్ళ మా నాన్న, చెవులు మూసేంత టోపీ. ఆ పడవ మీద ఒక్క ఏడాదే పనిచేశాడు. తర్వాత సముద్రం మీదికి వెళ్ళనేలేదు, ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. కడుపులో తిప్పేదని చెప్పేవాడు. దానికి ఊరంతా ఇప్పటికీ నవ్వుతారు.

ఆ వాక్యాలు పట్టీ మీద పడితే హాల్లో ఎవరూ పక్కవాణ్ణి ఆ కుర్రాడెవరని అడగక్కర్లేదు.

*

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి నాన్న పెనం ముందున్నాడు. డెలియా బల్ల దగ్గర కూర్చుని ఉంది. నాన్న గాలెట్ అట్టు తిరగేసి, గుడ్డు కొట్టి, అంచులు మడిచి ఆవిడ పళ్ళెంలో పెట్టాడు.

"ఇంకోటి వేయనా అడుగవే."

ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "చంపేస్తాడా ఏమిటి మీ నాన్న నన్ను? రాత్రి నా గదిలో హీటరు బాగుచేస్తూ గంటసేపు నేలమీద కూర్చున్నాడు. వద్దన్నా వినడే."

"ఏమంటోంది?"

"చాలంటోంది."

"అంత పొడుగు మాట్లాడింది చాలనడానికేనా?"

ఆయన నావైపు చూసి మళ్ళీ పెనం వైపు తిరిగాడు.

"నాన్నా, ఇవాళ నువ్వు సినిమాకు రావద్దు."

"ఎందుకు?"

"బాగోలేదు. అంతా గొర్రెలు, రాళ్ళు. నీకు నిద్రొస్తుంది."

"నిద్రపోవడానికి ఆ హాల్ కన్నా మంచి చోటేదీ? సీటు పెట్టావా లేదా?"

"పెట్టలేదు. నిండిపోయింది."

"అయితే నిలబడతాను." గరిటె కింద పెట్టాడు. "మన ఇంట్లో తింటున్న మనిషి తెర మీదికొస్తుంటే నేను ఇంట్లో కూర్చుంటే ఏం బాగుంటుందే?"

డెలియా మా ముఖాలు మార్చి మార్చి చూస్తోంది. భాష రాకపోయినా గొడవ ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుస్తుంది.

"నాన్నా, నువ్వు సముద్రం ఎందుకు మానేశావు?"

పెనం మీద వెన్న మాడుతోంది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు.

"కక్కుకునేవాణ్ణి. తెలుసుగా." పొయ్యి ఆర్పాడు. "ఇప్పుడెందుకు?"

"ఊరికే."

"ఊరికే అయితే తిను. చల్లారిపోతుంది."

నేను తినలేకపోయాను. నా పళ్ళెం డెలియా తనవైపు లాక్కుని సగం తినేసింది. "తిండి పారేస్తే మా దీవిలో తన్నేవాళ్ళమ్మాయ్" అంది.

*

మూడు గంటలకు హాల్ నిండిపోయింది. రేవులో ఆదివారం పని ఉండదు. పండుగ నడిపే సోయిజిక్ అత్త మైకు పట్టుకుని ముందుకొచ్చింది. చేపల వేలంపాటలో పెరిగిన గొంతు, ఆవిడకు మైకుతో పని లేదు.

"నిన్నటి గ్లాస్గో సినిమాకు ఏడ్చినవాళ్ళు ఇవాళ రుమాళ్ళు తిరిగివ్వండి, అవి నావి. ఇవాళ మనతో డెలియా గారు ఉన్నారు. ఆవిడ మాట్లాడేది మీకొక్క ముక్క అర్థం కాదు. కాబట్టి అందరూ బుద్ధిగా కిందున్న పట్టీ చూడండి. ఏరా ఎర్రటోపీ, నిలబడ్డావేంటి, సీటు దొరకలేదా? ఐసు ఫ్యాక్టరీలో రోజంతా నిలబడింది చాల్లేదా?"

అందరూ నవ్వారు. ముందు వరసలో ఉన్న డెలియా కూడా అందరితోపాటు వెనక్కి తిరిగి నవ్వింది. నాన్న గోడకు ఆనుకుని చెయ్యి ఊపాడు.

దీపాలు ఆరిపోయాయి.

మొదటి గంట నాకేమీ గుర్తులేదు. వేలు దాని పని అది చేసుకుపోయింది. గొర్రెలు, గాలి, రాళ్ళగోడలు. తర్వాత ఆ వంటిల్లు వచ్చింది. తెర మీద డెలియా టీ కప్పు పక్కకు జరిపింది.

మొదటి వాక్యం ల్యాప్‌టాప్ మీద బూడిదరంగులో ఎదురుచూస్తోంది. డెలియా ఊపిరి తీసుకుంది. నేను నొక్కలేదు.

ఆవిడ మాట్లాడుతోంది. కింద పట్టీ నల్లగా ఉంది. మరోసారి ఊపిరి తీసుకుంది. నా చెయ్యి ఒళ్ళో పెట్టేసుకున్నాను.

"అక్షరాలేవి?" ఎవరో అన్నారు.

"ఎనోరా! నిద్రపోయావా పిల్లా?"

"మిషను చెడిపోయినట్టుంది."

"ఐరిష్ ఇప్పుడు నేర్చుకోమంటారా ఏం?"

నవ్వులు. తెర మీద డెలియా చెప్పుకుపోతోంది, ఆ ముఖం నవ్వులకు తగ్గ ముఖం కాదు, నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. ముందు వరసలో అసలు డెలియా తన ముఖం చూసుకోవడం లేదు. పట్టీనే చూస్తోంది. తన మాటలు ఎక్కడికి వచ్చాయో ఆవిడకు తెలుసు. మెల్లగా లేచి నిలబడి, వెనక్కి తిరిగి చీకట్లో నన్ను వెతికింది.

అంతలో పక్కనుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఏమైందే? చెడిపోయిందా?"

"లేదు."

"మరి?"

"వెళ్ళు నాన్నా. ఇంటికి వెళ్ళిపో. దండం పెడతాను."

ఆయన వంగి ల్యాప్‌టాప్ చూశాడు. కళ్ళద్దాలు లేకుండా ఆయన చదవలేడు. జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. నేను మూత వేయబోయాను, ఆయన రెండో చేత్తో ఆపాడు. ఐసు దిమ్మలు మోసిన చెయ్యి, నేను కదల్చలేకపోయాను. వాక్యాలన్నీ వరసగా ఉన్నాయి. చివరిదాకా చదివాడు. ఆయన ఊపిరి నా చెవి పక్కన ఆగిపోయి, చాలాసేపటికి మళ్ళీ మొదలైంది.

"ఏది నొక్కాలి?"

"నాన్నా..."

"ఏదే?"

నేను చూపించలేదు. పెద్ద మీట కనబడుతూనే ఉంది. తనే నొక్కాడు.

అప్పటికి తెర మీద వంటిల్లు పోయింది, గొర్రెలు గుట్ట దిగుతున్నాయి. వాటి కింద పట్టీ వెలిగింది. పడవ తిరగబడ్డాక ఇద్దరూ దాని వెన్ను పట్టుకుని వేలాడామని. గొర్రెల మీద పడవ మాటేమిటని ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న అందరూ చదివేదాకా ఆగి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆగాడు. ఫ్యాక్టరీలో దిమ్మ తర్వాత దిమ్మ జార్చినట్టు, తొందర లేకుండా. నీలం పడవ దగ్గర హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఎర్ర ఊలుటోపీ దగ్గర ఏ శబ్దమూ లేదు.

చివరి వాక్యం నొక్కి చెయ్యి తీసేశాడు. సినిమా అయిపోయినా ఆ వాక్యం అలాగే ఉండిపోయింది, తీయడం ఆయనకు తెలియదు. నాకు తెలుసు, కానీ తీయలేదు.

దీపాలు వెలిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ వెనక్కి తిరగలేదు కూడా. తిరగకుండా ఉండడానికి అందరూ ఎంత బిగుసుకుపోయారో వాళ్ళ మెడలు చూస్తే తెలుస్తోంది. సోయిజిక్ అత్త మైకు రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

డెలియా ఒక్కతే మావైపు చూస్తోంది.

నాన్న నడవలోకి వచ్చాడు. "చెప్పవే ఆవిడకు. ఆ కుర్రాడు నేనేనని."

చెప్పాను. "ఆయన" అని చెప్పాల్సింది, నోట "మా నాన్న" అని వచ్చింది.

డెలియా ముందు వరస కుర్చీ వీపును పట్టుకుంది. తర్వాత నాన్ననే సూటిగా చూస్తూ అడిగింది. "ఒక్కడా, ఇద్దరా?"

"ఇద్దరు" అన్నాడు నాన్న, నేను అనువదించకముందే. రెండు వేళ్ళు చూపించాడు. "ఒకతను వెన్ను మీద బోర్లా పడుకున్నాడు. ఒక చెయ్యి వెన్ను మీద. రెండో చేత్తో నీళ్ళల్లో ఉన్నతని కాలరు పట్టుకున్నాడు. నీళ్ళల్లో ఉన్నతని తల వాలిపోయి ఉంది. అయినా వదల్లేదు."

నేను ఒక్కొక్క ముక్కా ఇంగ్లీషులోకి మార్చాను.

"పట్టుకున్నది ఎవరు?"

"గడ్డం ఉన్నతను."

డెలియా కళ్ళు మూసుకుంది. "గడ్డం కొల్మన్‌ది" అంది. ఆ తర్వాత ఐరిష్‌లో ఏదో అంది, అది ఎవరికోసమూ అన్నది కాదు.

"మీ పడవ ఎందుకు ఆగలేదు?" ఈసారి గొంతు మారింది.

"అవి ఐర్లండ్ నీళ్ళు, మేం అక్కడ వల వేయకూడదు, ఆగితే దొరికిపోతాం. కెప్టెన్‌కి చెప్పాను. నువ్వేమీ చూళ్ళేదు అన్నాడు. ఒడ్డుకొచ్చాక పోలీసులు అడిగితే నేనూ అదే చెప్పాను." కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "కెప్టెన్ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయాకైనా చెప్పొచ్చు. చెప్పలేదు."

సోయిజిక్ అత్త "హెర్వే..." అంది. నాకు ఊహ తెలిశాక ఆవిడ ఆ పేరు అనడం అదే మొదటిసారి.

నాన్న డెలియా వైపు ఒక అడుగు వేశాడు. ఆవిడ అరచెయ్యి ఎత్తి ఆపింది.

"మీ నాన్నకు చెప్పు. నేను క్షమించాననుకోవద్దని. అది నా చేతిలో లేదు, ఇవాళ లేదు."

చెప్పాను. నాన్న తలూపాడు.

డెలియా హ్యాండ్‌బ్యాగులోంచి ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. "కొల్మన్ కూతురు" అంది నాతో. "దీవిలో బడికి పోతే పిల్లలు దాని పక్కన కూర్చునేవాళ్ళు కాదు. నేను చూస్తూ ఊరుకున్నాను. నేను చెబితే అది నమ్మదు, నమ్మాల్సిన పనీ లేదు."

అవతల ఎవరో ఫోను ఎత్తారు. ఒక ఆడగొంతు, వెనక గిన్నెల చప్పుడు. డెలియా ఐరిష్‌లో నాలుగు మాటలు చెప్పి ఫోను నా నోటి దగ్గర పెట్టింది. నాన్న వైపు గడ్డం ఎత్తింది.

"మళ్ళీ చెప్పమను. మొదటినుంచి."

హాల్లోంచి ఎవరూ లేవలేదు. నాన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఆరోజు పొగమంచు బాగా పట్టింది" అని మొదలుపెట్టాడు.

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.