మా నాన్న ట్రక్కులో మా పాట

మా ఊళ్ళో పాట బాగుందో లేదో తేల్చేది మనిషి కాదు, ట్రక్కు. స్టూడియోలో ఎంత గొప్పగా వినిపించినా సరే, ట్రక్కులోని క్యాసెట్ ప్లేయరులో వేసి, అద్దాలు దించి, మట్టిరోడ్డు మీద ఒక చుట్టు తిరిగొస్తే గానీ ఎవరూ నోరు విప్పరు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో, మేకన్ పట్నానికి దక్షిణాన పెరిగిన వాళ్ళెవర్నైనా అడగండి. ఈ ఆచారం నాకూ ఇష్టమే. కాకపోతే దానివల్ల ఆ వేసవిలో నా ప్రాణం మీదికి వచ్చింది.

అప్పట్లో మేం ముగ్గురం కలిసి ఒక ఆల్బం చేస్తున్నాం. డ్రమ్స్ నావి. గిటారు మా పిన్ని కొడుకు రాండల్‌ది. వాడు జుట్టు విరబోసుకుని వాయిస్తుంటే పక్క పొలంలో ఆవులు మేత మానేసి చూస్తాయి. మాటలు టెరెన్స్ మేబ్రీవి. టెరెన్స్ పగలు స్కూలు బస్సు నడుపుతాడు, సాయంత్రం ర్యాప్ పాడతాడు, రెండూ ఒకే వేగంతో. మా ఊళ్ళో రైలు పట్టాలకి అటు నల్లవాళ్ళు, ఇటు తెల్లవాళ్ళు. అతను అటువైపు వాడు, మేం ఇటువైపు వాళ్ళం. రాండల్‌కి పీచ్ పళ్ళ తోట ఉంది. పళ్ళు పెట్టెల్లో సర్దే పాత షెడ్డులో గోడలకి పరుపులు కొట్టి, దాన్నే స్టూడియో అన్నాం.

రాక్ ఉంది, హిప్‌హాప్ ఉంది. మా పల్లెల కంట్రీ సంగీతం మాత్రం లేదు. దానికి స్టీల్ గిటారు కావాలి. బల్లలాగా కాళ్ళ మీద నిలబెట్టి, ముందు కూర్చుని, తీగెల మీద ఇనుపకడ్డీ జారుస్తూ వినేవాళ్ళని ఏడిపించేది. మా చుట్టుపక్కల దాన్ని వాయించగల మనిషి ఒక్కడే, హోలిస్ ప్రూయిట్. ఆయన మా నాన్న.

కంట్రీ పాటకి రాజధాని నాష్‌విల్ నుంచి ఎవరినైనా పిలుద్దామన్నాడు రాండల్. ఆ మాట ఇంకోసారి అంటే నీ గిటారు పొయ్యిలో పెడతానన్నాను. నాన్న ముప్ఫై ఏళ్ళు డ్యాన్సు హాళ్ళలో బ్యాండు నడిపాడు. ఆ బ్యాండులో ఎంతమంది డ్రమ్మర్లు వచ్చి పోయారో లెక్కలేదు. తాగి పడిపోయిన వాడున్నాడు, పెళ్ళి చేసుకుని పారిపోయిన వాడున్నాడు, ఒకడైతే నిద్రపోతూ వాయించేవాడు. ఒక్కసారైనా "గ్లెండా, నువ్వు కూర్చోవే" అనలేదు ఆయన. అప్పటికి నాకు నలభై దాటాయి, ఆయనకి డెబ్భై. ఆయన పక్కన కూర్చుని ఒక్క పాట వాయించాలి. నాకు కావలసింది అంతే. ఆల్బం అమ్ముడుపోతే సంతోషమే, పోకపోయినా నేను ఏడవను.

అడగడానికి వెళ్ళేసరికి వరండాలో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"మాటలు గబగబా వాగితే పాటా అది? పశువుల సంతలో వేలంవాడు అంతకంటే రాగంగా పాడతాడు."

"విని చెప్పు నాన్నా. వినకుండానే వంకలు పెట్టకు."

"ఆ షెడ్డుకి నేను రాను."

"రాకు. నీ ట్రక్కులోనే విను."

ట్రక్కులో వినమంటే కాదనలేడు. అది మా వాళ్ళకి చర్చికి రమ్మన్నంత మాట. క్యాసెట్ చేతిలో పెట్టి వచ్చేశాను. పాట రైల్వే గేటు గురించి. గూడ్సు బండి అడ్డంగా ఆగిపోతే, పట్టాలకి అటు ఉన్నవాళ్ళూ ఇటు ఉన్నవాళ్ళూ కలిసి ఒకే బండిని తిట్టుకునే పాట.

ఆ తర్వాత ఊళ్ళోంచి కబుర్లు రావడం మొదలైంది. మీ నాన్న చర్చి ముందు ట్రక్కు ఆపుకుని ఒక్కడే తలాడిస్తున్నాడని ఒకరు. ఎండుగడ్డి కోసం వెళ్ళి, గడ్డి సంగతే మర్చిపోయి వచ్చాడని ఇంకొకరు. ఆదివారం భోజనాల దగ్గర నాన్నే ఎత్తాడు ఆ మాట, మొహం ప్లేటులోంచి ఎత్తకుండా.

"ఆ కుర్రాడు బాగానే చెప్పాడు. ప్రతి మాటా తెలుస్తోంది. తాపీగా, పెద్దమనిషిలాగా."

తాపీగానా? టెరెన్సా? నాకేమీ అర్థం కాలేదు.

"నీ డ్రమ్స్ కూడా..." అని ఆగి, రొట్టెముక్కతో ప్లేటు తుడుచుకుని, "తొందర లేదు. బాగుంది. మంగళవారం వస్తాను" అన్నాడు.

బుద్ధెరిగాక నా డ్రమ్స్ గురించి ఆయన నోట విన్న మొదటి మంచి మాట అది. గిన్నెలు కడిగే వంకతో వంటింట్లోకి పోయి ఏడ్చేశాను. సిగ్గెందుకు, ఏడ్చాను.

మంగళవారం చెప్పినట్టే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. టెరెన్స్‌కి చెయ్యిచ్చి, స్టీల్ గిటారు బిగించి కూర్చున్నాడు. "ట్రక్కు పక్కనే దీన్ని వేసుకుని, పాట పెట్టుకుని మొత్తం నేర్చుకున్నాను. కానివ్వండి" అన్నాడు. రికార్డయిన దాని మీద అతికించడం వద్దు, అందరం ఒకేసారి వాయిద్దామని పట్టుబట్టింది నేనే. రాండల్ ఎత్తుకున్నాడు, నేను అందుకున్నాను, నాన్న కడ్డీ ఆనించాడు.

రెండు పిల్లుల్ని ఒకే సంచిలో వేసినట్టుంది. మేం ఒక శ్రుతిలో పరుగెడుతుంటే ఆయన ఇంకో శ్రుతిలో నడుస్తున్నాడు.

"పెదనాన్నా, శ్రుతి..." అన్నాడు రాండల్ మెల్లగా.

"నా శ్రుతికేమొచ్చింది? మీరే పైకెక్కించారు. పైగా వెనకాల కుక్క తరుముతున్నట్టు ఆ పరుగేంటి? నేను విన్న పాట ఇది కాదు." కడ్డీ తీసి పెట్టెలో పెట్టబోయాడు.

నాకు అప్పుడు వెలిగింది. చల్లటి టీ తెస్తానని చెప్పి బయటికొచ్చి, ఆయన ట్రక్కెక్కి పాట పెట్టాను. ఆగస్టు ఎండలకి క్యాసెట్‌ని తిప్పే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయినట్టుంది. పాట కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది. టెరెన్స్ గొంతు అచ్చం మా పాస్టరు గొంతులా దిగిపోయింది. నా డ్రమ్స్ కడుపునిండా తిని షికారుకి బయల్దేరినట్టున్నాయి. నాన్న మెచ్చుకున్న నిదానం నాది కాదు, బెల్టుది.

ఇద్దర్నీ షెడ్డు వెనక్కి పిలిచి చెప్పాను. రాండల్ నవ్వలేక చెట్టు పట్టుకున్నాడు.

"చెప్పెయ్ అక్కా. దానికేముంది?"

"నీకు తెలీదట్రా ఆయన సంగతి? నా ట్రక్కు తప్పు, నా చెవి మోసపోయింది అని మన ముందు ఒప్పుకుంటాడా? గిటారు సర్దుకుని పోతాడు. మళ్ళీ ఈ జన్మలో రాడు."

టెరెన్స్ గడ్డం గోక్కున్నాడు. "హ్యూస్టన్‌లో ర్యాప్ వాళ్ళు కావాలని టేపులు ఇలా నెమ్మది చేసి అమ్ముకుంటున్నారు. మీ నాన్నగారి ట్రక్కు ఊరికే చేసిపెట్టింది. ఆయన నడకకే పాడదాం పదండి. నాక్కూడా ఒక్కసారి ఊపిరి పీల్చుకోవాలనుంది."

లోపలికెళ్ళి, బస్సులో పిల్లల ముందు పెట్టే మొహం పెట్టి, "మీరన్నదే నిజం హోలిస్ గారూ, మేమే తొందరపడ్డాం" అన్నాడు. అర శ్రుతి దించుకున్నాం. నాన్న కాలితో తాళం తట్టాడు, మేం వెనకాల నడిచాం. చెప్పకూడదు గానీ, బ్రహ్మాండంగా వచ్చింది. టెరెన్స్ మాటకీ మాటకీ మధ్య ఉన్న ఖాళీల్లోకి ఆ తీగెలు దూరపు రైలుకూతలా వచ్చి చేరాయి. నాన్న నా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. నాకు కావలసింది దొరికింది. అయినా దొంగచాటుగా తిన్నట్టుంది, మనసు నిండలేదు.

"క్యాసెట్ చేసివ్వండి. ట్రక్కులో చూద్దాం" అన్నాడు నాన్న.

ముగ్గురి మొహాలూ మాడిపోయాయి. పుట్టినప్పట్నుంచీ ఉన్న ఆచారం, ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. రాండల్ ఖాళీ టేపులు లేవన్నాడు. వాడి మోచేతి కిందే డబ్బా నిండా ఉన్నాయి. నాన్నే ఒకటి తీసి వాడి చేతిలో పెట్టి ఎక్కించమన్నాడు.

నాన్న ట్రక్కెక్కి, అద్దాలు దించి, పాట పెట్టాడు. ముందే నిదానమైన పాట ఇంకా నిదానమైపోయింది. బురదలో దిగబడ్డ ట్రాక్టరు నయం. టెరెన్స్ ఒక మాట మొదలుపెడితే అది పూర్తయ్యేలోగా భోంచేసి రావచ్చు. నాన్న కదలకుండా విన్నాడు. తర్వాత క్యాసెట్ తీసుకుని దిగి, పక్కనే ఉన్న నా కారెక్కి, అందులో పెట్టుకుని విన్నాడు. దిగి తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"నీకు తెలుసా?"

"ఇందాకే తెలిసింది."

"తెలిసీ, చెప్పకుండా పాటంతా మార్చేశారా?"

"చెబితే వెళ్ళిపోతావని."

అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. ఊరుకుంటే నేను గ్లెండాని ఎలా అవుతాను?

"ఇంకోటి కూడా విను నాన్నా. ఆదివారం నువ్వు బాగుందన్నది నా డ్రమ్స్ కాదు, నీ బండిలో సాగిపోయిన బెల్టు. నేను వాయించేది వేరు. నాకు తొందరే. చిన్నప్పట్నుంచీ తొందరే. నువ్వు ఎప్పుడన్నా విన్నావా, నీకు తెలియడానికి?"

టెరెన్స్ ఆకాశం చూశాడు. రాండల్ తన బూట్లు చూసుకున్నాడు. నాన్న టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ట్రక్కులోంచి మొదటి క్యాసెట్ తెచ్చుకుని మళ్ళీ నా కారులో కూర్చున్నాడు. ఈసారి అసలు పాట, అసలు వేగంతో. మొత్తం విని, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టాడు. ఆయన వేళ్ళు నా స్టీరింగు మీద కొట్టుకుంటూ ఉండడం అద్దంలోంచి కనిపించింది.

దిగి, ఎవరివైపూ చూడకుండా షెడ్డులోకి నడిచాడు. సర్దుకోవడానికే అనుకున్నాను. వెనకాలే వెళ్ళి చూస్తే, గిటారు ముందు కూర్చుని ఒక్కొక్క తీగే పైకి బిగిస్తున్నాడు.

"మళ్ళీ వేగంగానా హోలిస్ గారూ?" అన్నాడు టెరెన్స్.

"నువ్వు నాకోసం నెమ్మదించావు గదయ్యా. ఇప్పుడు నేను పరుగెత్తి చూస్తాను. నెమ్మదిది పారెయ్యకండి, అదీ ఉండనీ." కడ్డీ చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగాడు. "ఈ వేగం నాకు అలవాటు లేదు. నా కాలిని నమ్మలేను. లెక్క నువ్వే పెట్టవే. నీ వెనకాల నేనొస్తా."

డ్రమ్ కర్రలు చెమటకి జారుతున్నాయి. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఒకటి, రెండు, మూడు అన్నాను. నాలుగు బయటికి రాలేదు. అయినా మా నాన్న సరిగ్గా అందుకున్నాడు.